కారు కొనేముందు మేము వేసిన పెట్రోల్ లెక్క

కారు మార్చాలని మా ఇంట్లో మాట మొదలైనప్పుడు చుట్టాలూ స్నేహితులూ ముందుగా అడిగింది ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తుంది?" ఆ తర్వాత "ఎన్ని సీసీలు?", అంటే ఇంజిన్ ఎంత పెద్దదని. సీసీ పెరిగితే పెట్రోల్ ఖర్చు కూడా అదే లెక్కన పెరిగిపోతుందని చాలామంది నమ్మకం. కొనేముందు కొన్ని బండ్లు మేమే నడిపి, ట్యాంకు నింపి, కాగితం మీద వేసి చూసుకున్నాం. సీసీ తేడా బంకులో కంటే బండి కొనే రోజు బిల్లులోనే ఎక్కువ తగులుతుందనీ, నెలనెలా ఖర్చును మనం తిరిగే రోడ్డూ, బండి బరువూ, గేర్‌బాక్సూ తేలుస్తాయనీ మాకు అర్థమైంది. హైదరాబాద్‌లో పెట్రోల్ కారు చూస్తున్నవాళ్ళకు పనికొస్తుందని ఆ లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా అవసరం చెప్పాలి. మేము నిజాంపేటలో ఉంటాం. నా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. మా ఆయన జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్ళిపోతారు కాబట్టి కారు ఎక్కువగా నడిపేది నేనే. అమ్మానాన్నలు కోదాడలో ఉంటారు. పండగలకీ సెలవులకీ అక్కడికి వెళ్ళాల్సిందే, వాళ్ళను ఆసుపత్రి చెకప్‌లకు ఇక్కడికి తీసుకురావాల్సిందే. అన్నీ కలిపితే నెలకు సగటున వెయ్యి కిలోమీటర్లు. అందులో 650 సిటీలో, మిగతా 350 హైవే మీద.

అప్పటిదాకా మాకున్నది 796 సీసీ ఆల్టో. నేను ఒక్కదాన్నే వెళితే ట్రాఫిక్‌లో కూడా లీటరుకు 16 దాకా ఇచ్చేది. కానీ అమ్మానాన్నలు, పాప, మా ఆయన, నేను, వెనక సామాను, పైగా ఏసీ. అలా కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కడానికి రెండో గేర్‌లో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాల్సి వచ్చేది. అలాంటి వారాల్లో మైలేజీ 13కి పడిపోయేది. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. అక్కడ ప్రతి డ్రైవర్‌కీ కేఎంపీఎల్ లెక్క ఉంటుంది, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డిపోలో చూస్తారు. ఆ అలవాటుతో ముందు సీట్లో కూర్చుని నా కాలి వంకే చూసేవారు. ఓ రోజు అన్నారు, "ఇంజిన్ చిన్నదైతే తక్కువ తాగుతుందన్నది ఖాళీ బండి మాటమ్మా. ఎంత బరువు లాగిస్తున్నావో ముందు అది చూడు." కొత్త బండికి మా ప్రశ్న అక్కడే మొదలైంది: మేము లాగించే బరువుకు, మేము తిరిగే రోడ్డుకు ఎంత ఇంజిన్ చాలు?

షోరూమ్‌లో ఏ బండి గురించి అడిగినా చెప్పే మైలేజీ కంపెనీ ప్రకటించిన సర్టిఫైడ్ అంకె. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు బండిని రోలర్ల మీద పెట్టి, ఎంత వేగంలో ఎంతసేపు నడపాలో ముందే రాసిపెట్టిన పద్ధతిలో నడిపి తేల్చేది అది. ఆ పరీక్షలో వేగం 90 దాటదు, ఏసీ వెయ్యరు. ఒక బండితో ఇంకో బండిని పోల్చడానికి ఆ అంకె బాగానే పనికొస్తుంది. అందరికీ ఒకటే పరీక్ష కదా. కానీ జేఎన్‌టీయూ నుంచి మలేషియన్ టౌన్‌షిప్, సైబర్ టవర్స్, బయోడైవర్సిటీ మీదుగా నానక్‌రామ్‌గూడకు మే నెలలో ఏసీ రెండు మీద పెట్టుకుని వెళ్ళే మనిషికి ఆ అంకెతో ఇంటి బడ్జెట్ కుదరదు. పైగా చిన్న ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టి బలం తెచ్చే టర్బో బండ్ల విషయంలో ఈ తేడా మరింత ఎక్కువ. కారణం కింద చెబుతాను.

డీజిల్, సీఎన్‌జీ, కరెంటు బండి, ఈ మూడింటినీ త్వరగానే పక్కన పెట్టాం. ఇప్పటి డీజిల్ బండ్లకు పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. రోజూ ట్రాఫిక్‌లో కొద్ది దూరం తిరిగేవాళ్ళకు అది తలనొప్పి. సీఎన్‌జీ అయితే డిక్కీలో సిలిండర్ వస్తుంది, మాకేమో కోదాడ నుంచి బియ్యం బస్తా వస్తుంది. కరెంటు బండికి తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ లేవు, మనసు బాగా లాగింది. కానీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్‌కు అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు.

ఇక మిగిలినవి మూడు రకాలు. 1200 సీసీ లోపు మామూలు పెట్రోల్ ఇంజిన్, 1000 సీసీ లోపు టర్బో పెట్రోల్, ఒకటిన్నర లీటర్ల (దాదాపు 1500 సీసీ) మామూలు పెట్రోల్. మూడూ ఆటోమేటిక్‌లోనే చూశాం. క్లచ్ తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు ఇంక వద్దంటోంది.

షోరూమ్ వాళ్ళు ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌తో మైలేజీ తెలియదు. ఖాళీ రోడ్డు మీద ఓ రౌండు, పక్కన సేల్స్ అబ్బాయి మాటలు, అంతే. అందుకని మేము వేరే దారి పట్టాం. 1197 సీసీ బలేనో ఆటోమేటిక్‌నూ, 998 సీసీ టర్బో ఉన్న ఫ్రాంక్స్ ఆటోమేటిక్‌నూ సెల్ఫ్ డ్రైవ్ వాళ్ళ దగ్గర అద్దెకు తీసుకున్నాం. ఒకటిన్నర లీటర్ల బండి మా ఆడపడుచు వాళ్ళింట్లో ఉంది, అడిగితే ఇచ్చారు. అద్దెకు డబ్బులు దండగ అని మొదట ఇంట్లో అన్నారు కానీ, పదేళ్ళు ఉంచుకోబోయే వస్తువును ముందు వాడి చూడటానికి అది చాలా చిన్న ఖర్చని నేను ఇప్పటికీ అంటాను.

కొలిచే పద్ధతి నాన్న చెప్పిందే, ట్యాంకు నుంచి ట్యాంకుకు. ఫుల్ ట్యాంకు కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, తిరిగినంత తిరిగి, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర ఫుల్ చేయించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఇందులో ఒక చిక్కుంది. పంపు గన్ దానంతటదే ఆగగానే బంకు అబ్బాయి అలవాటుగా అడుగుతాడు, "మేడమ్, రౌండ్ ఫిగర్ చేయమంటారా?" మనం తలూపామంటే ఇంకో అర లీటరో ముప్పావు లీటరో మెల్లగా మెడ దాకా నింపేస్తాడు. కొద్ది దూరమే తిరిగినప్పుడు ఆ ముప్పావు లీటరే లెక్కను తారుమారు చేస్తుంది. "వద్దు తమ్ముడూ, కట్టయిన చోటే ఆపెయ్" అని ముందే చెప్పాలి, రెండుసార్లూ చెప్పాలి. డాష్‌బోర్డు మీద కనిపించే సగటు మైలేజీ కూడా రాసుకున్నాను. మేము నడిపిన బండ్లన్నిట్లోనూ అది ట్యాంకు లెక్క కంటే కొంచెం ఎక్కువే చూపించింది.

ఆఫీసు దారిలో వచ్చిన అంకెలు ఇవీ. బలేనో లీటరుకు 13.5, ఒకటిన్నర లీటర్ల బండి 11.5, టర్బో 11. అన్నిటికన్నా చిన్న ఇంజిన్ అన్నిటికన్నా ఎక్కువ తాగిందన్నమాట. మా ఆయన నమ్మలేదు, ఇంకో వారం చూద్దామన్నారు. ఆ వారమూ దాదాపు అంతే వచ్చింది.

ఎందుకలా అంటే, టర్బో అంటే ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగ వేగంతో తిరిగే చిన్న పంకా. అది ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెడుతుంది. గాలి ఎక్కువ వెళితే దానికి తగ్గ పెట్రోల్ కూడా వెళ్ళాలి. 998 సీసీ అని పేరే గానీ, బండి దూకినప్పుడు అది పెద్ద ఇంజిన్ అంత పని చేస్తుంది, అంతే తాగుతుంది. నెమ్మదిగా, స్థిరమైన వేగంతో వెళ్ళినప్పుడే దాని చిన్నతనం కలిసొస్తుంది. రోలర్ల మీద పరీక్ష అచ్చంగా అలా నెమ్మదిగా ఉండేదే కాబట్టి అక్కడ అంకె బాగా వస్తుంది. సిటీలో మనం చేసేది ఆగడం, దూకడం, ఆగడం. ప్రతి దూకుడుకూ టర్బో లేస్తుంది. పైగా ఆ బండిలో ఉన్నది నూనె ద్వారా ఇంజిన్ బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్, బలేనోలో ఉన్నది మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే ఏఎంటీ. ట్రాఫిక్‌లో టార్క్ కన్వర్టర్ హాయిగా, కుదుపు లేకుండా వెళుతుంది, ఆ హాయికి కొంత పెట్రోల్ కట్టాలి. కాబట్టి ఆ తేడా అంతా ఇంజిన్‌ది మాత్రమే అనడం న్యాయం కాదు.

ఒకటిన్నర లీటర్ల బండి సంగతి వేరు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా పెద్ద ఇంజిన్ తన ఒళ్ళు తాను తిప్పుకోవడానికే ఎక్కువ ఖర్చు పెడుతుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పాకే బండికి కావలసిన శక్తి చాలా కొంచెం. ఇద్దరికి అన్నం వండటానికి పెళ్ళి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టు, ముందు గిన్నె వేడెక్కడానికే సగం గ్యాసు పోతుంది. పైగా పెద్ద ఇంజిన్‌తో పాటు బండి ఒళ్ళూ పెద్దదవుతుంది, బలేనో వెయ్యి కిలోల లోపుంటే ఇది అంతకు బాగా ఎక్కువ. ఆగిన ప్రతిసారీ ఆ బరువును మళ్ళీ కదిలించాలి.

హైవే మీద కథ మారిపోయింది. మల్లంపేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, విజయవాడ హైవే పట్టుకుని పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటి కోదాడ. అందరం ఎక్కి, ఏసీ వేసుకుని, 90 దగ్గర ఉంచితే బలేనో 19.5 ఇచ్చింది, టర్బో 17.5, ఒకటిన్నర లీటర్లది 17. ఖర్చయ్యే లీటర్లలో చూస్తే సిటీలో ఉన్నంత తేడా లేదు. నడిపే సుఖం చూస్తే మాత్రం టర్బోదే పైచేయి. ఆ 998 సీసీ ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పటి నుంచే దాదాపు 148 ఎన్ఎం టార్క్, అంటే లాగే బలం, ఇస్తుంది. బలేనోకు 113 ఎన్ఎం, అదీ 4400 దాకా లేస్తేనే. లారీని దాటేటప్పుడు టర్బోలో కాలు కొంచెం ఆనిస్తే చాలు, బలేనోలో గేరు కిందికి దిగి, ఇంజిన్ అరిచి, అప్పుడు కదిలేది. "ఇది దాటడానికి ముందే ఆలోచించుకోవాల్సిన బండి" అన్నారు నాన్న. తప్పుగా అనలేదు, బస్సు కూడా అంతేగా అని తనే అన్నారు.

ఓఆర్‌ఆర్ మీద ఇప్పుడు 120 దాకా అనుమతి ఉంది. వచ్చేటప్పుడు కొంత దూరం 110 మీద ఉంచి చూశాను. మూడు బండ్లలోనూ మైలేజీ చప్పున పడిపోయింది, బలేనోలో మరీ ఎక్కువగా. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, ఆ సూత్రం ముందు ఏ సీసీ అయినా ఒకటే. 90కి, 110కి మధ్య మేము చూసిన తేడా, ఒక ఇంజిన్‌కూ ఇంకో ఇంజిన్‌కూ మధ్య చూసిన తేడా కంటే పెద్దది.

ఇక డబ్బుల లెక్క. ఇక్కడ కిలోమీటర్లు పర్ లీటర్ అనే కొలత మనల్ని బాగా తికమక పెడుతుంది. లీటరుకు రెండు కిలోమీటర్ల తేడా అంటే అన్ని చోట్లా ఒకటే అనిపిస్తుంది. కానీ 10 ఇచ్చే బండి బదులు 12 ఇచ్చేది కొంటే పదివేల కిలోమీటర్లకు 167 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే దాని బదులు 22 ఇచ్చేది కొంటే మిగిలేవి 45 లీటర్లే. అందుకని నేను మైలేజీ అంకెలన్నీ చెరిపేసి నెలకు ఎన్ని లీటర్లు అని రాసుకున్నాను. మా 650 సిటీ, 350 హైవే కిలోమీటర్లకు బలేనో 66 లీటర్లు, ఒకటిన్నర లీటర్ల బండి 77, టర్బో 79. మేము లెక్క వేసినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోల్ 107 రూపాయల చిల్లర. చిల్లర వదిలేస్తే నెలకు వరుసగా సుమారు 7,050, 8,250, 8,450. అంటే బలేనోకూ ఒకటిన్నర లీటర్ల బండికీ నెలకు తేడా 1,200 రూపాయలు, ఏడాదికి పద్నాలుగు వేల చిల్లర. సీసీ అంటే ఇంతమంది ఇంత భయపడే తేడా ఇదీ. నేనైతే ఇంకా ఎక్కువ అనుకున్నాను.

అసలు తేడా ఉన్నది పన్నులో. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. పెట్రోల్ బండి ఇంజిన్ 1200 సీసీ దాటకుండా, పొడవు నాలుగు మీటర్లు మించకుండా ఉంటే 18 శాతం. ఈ రెండింటిలో ఏది దాటినా 40 శాతం. బండి నాలుగు మీటర్ల లోపే ఉన్నా 1462 సీసీ ఇంజిన్ ఉంటే 40 శాతమే, బ్రెజా అలాంటిదే. ఇప్పుడు పన్నుకు ముందు ఎనిమిది లక్షలున్న రెండు బండ్లు తీసుకోండి. 18 శాతంతో ఒకటి 9 లక్షల 44 వేలవుతుంది, 40 శాతంతో రెండోది 11 లక్షల 20 వేలు. అక్కడితో ఆగదు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ బండి ధరను బట్టి ఉంటుంది, ఐదు నుంచి పది లక్షల మధ్య 14 శాతం, పది దాటితే ఇరవై దాకా 18 శాతం. మొదటి బండికి లక్షా 32 వేలు, రెండో దానికి 2 లక్షల 2 వేలు. జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్ రెండూ కలిపి తేడా 2 లక్షల 45 వేల పైనే. ఏడాదికి పద్నాలుగు వేల పెట్రోల్ తేడాతో పోలిస్తే ఇది పదిహేడేళ్ళ తేడా. ఆ మొత్తం మొదటి రోజే పోతుంది, లోన్ తీసుకుంటే దాని మీద వడ్డీ కూడా.

ఇన్సూరెన్స్‌లో కూడా సీసీ గీతలున్నాయి. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 మధ్య 10,640, 1500 దాటితే 24,596. కంపెనీలు 998, 1197, 1497 అంటూ గీతకు ఇవతలే ఆగడం ఊరికే కాదు. సీసీ చూడాల్సింది ఇక్కడే, ఈ గీతలకు అటా ఇటా అన్నంత వరకే.

అంటే మాకు పోటీ చివరికి టర్బోకూ మామూలు 1.2 లీటర్ల (1197 సీసీ) బండికీ మధ్యే. రెండూ 18 శాతంలోవే. టర్బో వేరియంట్ ధర ఎక్కువ, నెలకు పదమూడు లీటర్లు ఎక్కువ, అంటే 1,400 రూపాయలు. దానికి ప్రతిగా హైవే మీద ధీమా, ట్రాఫిక్‌లో మెత్తదనం. మేము ప్రతి వారం కోదాడ వెళ్ళేవాళ్ళమైతే నేను ఇంకో ఆలోచన లేకుండా టర్బో తీసుకునేదాన్ని. మూడింట రెండు వంతులు సిటీలోనే తిరిగేటప్పుడు ఆ బలాన్ని వాడేది ఎక్కడ?

ఏఎంటీ మీద నాకున్న అసలు అనుమానం సెల్లార్ ర్యాంపు. మా అపార్ట్‌మెంట్ ర్యాంపు నిటారుగా ఉంటుంది, పైన మలుపు దగ్గర ఎదురుగా బండి వస్తే మధ్యలో ఆగాల్సిందే. అద్దె బండిని అందరితో నింపి, ర్యాంపు మధ్యలో కావాలని ఆపాను. బ్రేకు వదలగానే హిల్ హోల్డ్ ఒకటి రెండు క్షణాలు పట్టి ఉంచుతుంది. ఆలోపు యాక్సిలరేటర్ అందుకోవాలి. సందేహిస్తే బండి వెనక్కి జారుతుంది, నిదానంగా ఒత్తితే చిన్న కుదుపుతో ఎక్కేస్తుంది. అమ్మ వెనక సీట్లో "అమ్మో" అంది గానీ రెండోసారి ఏమీ అనలేదు. గేరు మారేటప్పుడు తల కొంచెం ముందుకు ఊగడం మాత్రం ఏఎంటీలో పోదు. గేరు మారబోయే ముందు కాలు కాస్త తేలిక చేస్తే తగ్గుతుంది, అది వారంలో అలవాటైపోతుంది. అలా బలేనో బుక్ చేశాం.

బండి వచ్చాక కూడా ట్యాంకు లెక్క రాస్తూనే ఉన్నాను. సిటీలో 13.5 నుంచి 14.5 మధ్య తిరుగుతోంది. ఏసీ తక్కువ వాడే డిసెంబర్, జనవరిల్లో 15 దాటింది. టైర్లలో గాలి తగ్గిన వారం అంకెలో తెలిసిపోతుంది, అందుకే నెలకు రెండుసార్లు గాలి చూపిస్తున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి ఇదే బండి గురించి పాత రోజుల్లో ఎవరైనా చెప్పిన మైలేజీతో ఇప్పటిది పోల్చి కంగారు పడక్కర్లేదు. నాన్న వచ్చినప్పుడు అదే దారిలో ఆయన నడిపితే నాకంటే కిలోమీటరు పైనే ఎక్కువ తెస్తారు. దూరం నుంచి ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి బండిని దాని ఊపు మీద రానిస్తారు, ఆగకుండానే పచ్చ లైటు అందుకుంటారు. నేనూ నేర్చుకుంటున్నాను.

ఇదే కాగితం ఈమధ్య మా బావకు పంపాను. ఆయనది ఖమ్మం, విత్తనాల వ్యాపారం, సత్తుపల్లి నుంచి మిర్యాలగూడ దాకా తిరుగుతూ నెలకు మూడువేల కిలోమీటర్లు వేస్తారు, అంతా హైవేనే. ఆయన అంకెలు వేస్తే జవాబు మాదానికి పూర్తిగా తిరగబడింది. లీటరుకు 17.5 ఇచ్చే టర్బో పెట్రోల్ అయితే 171 లీటర్లు, పద్దెనిమిది వేల పైన. లీటరుకు 20 ఇచ్చే డీజిల్ అయితే 150 లీటర్లు, లీటరు 96 రూపాయల లెక్కన 14,400. నెలకు దాదాపు నాలుగు వేల తేడా. డీజిల్ బండికి ఎక్కువ పెట్టే లక్షా పాతికవేలు రెండున్నరేళ్ళు దాటేసరికి తిరిగొచ్చేస్తాయి. రోజూ అంత దూరం ఆగకుండా నడిచే బండికి మసి ఫిల్టర్ గొడవా లేదు. డీజిల్‌కు జీఎస్టీ గీత 1500 సీసీ దగ్గర కాబట్టి నాలుగు మీటర్ల లోపు 1497 సీసీ బండి కూడా 18 శాతంలోనే వస్తుంది. బావ అదే బుక్ చేశారు, డెలివరీ వచ్చే నెల అంటున్నారు.